మెడలో వెన్నుపాము నలిగితే

బెంగళూరులో బెళ్ళందూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఎకోస్పేస్, ఎకోవరల్డ్ లాంటి టెక్ పార్కుల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. పగలంతా ల్యాప్‌టాప్ మీదికి వంగి, సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుని గదికి చేరేవాళ్లకు మెడ పట్టేయడం కొత్తేమీ కాదు. అయితే ఎమ్మారై రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అన్న మాట కనబడగానే ఆపరేషన్ తప్పదేమోనని బెంగ పడిపోతారు.

అంత కంగారు అక్కర్లేదు. 1994లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, నడుంనొప్పే లేని 98 మందికి నడుము ఎమ్మారై తీస్తే 52 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపించింది. డిస్క్ పైపొర చిరిగి, లోపలి మెత్తని గుజ్జు నరాన్ని నొక్కినప్పుడే చిక్కు. మెడలో అయితే చేతిలోకి, నడుములో అయితే పిర్ర నుంచి కాల్లోకి జివ్వున లాగుతుంది. అదీ చాలామందికి కొన్ని వారాల్లో మందులతో, ఫిజియోథెరపీతో సర్దుకుంటుంది.

నా భయమంతా నొప్పి పెట్టని జబ్బు గురించే. మెడలో వెన్నుపాము నలుగుతున్నా ఒక్కోసారి నొప్పి ఉండదు. చొక్కా గుండీ పెట్టుకోబోతే వేళ్లు తడబడతాయి. చేతిరాత మారిపోతుంది. మెట్లు దిగుతుంటే కాళ్లు బిగుసుకుని తూలుతాయి. నీరసమేలే అనుకుంటూ నెలలు గడిపేస్తారు. ఈ దశలో చేసే ఆపరేషన్ ముఖ్యంగా జబ్బు ముదరకుండా ఆపడానికే. పోయిన పట్టు కొంత తిరిగి రావచ్చు, పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. గొంతు పక్కన చిన్న కోత పెట్టి, శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ మెల్లగా పక్కకు జరిపి, నొక్కుతున్న డిస్క్‌ను తీసేస్తారు. ఆ ఖాళీలో ఎముక ముక్కో కేజో అమర్చి, తరచూ ప్లేటు కూడా బిగిస్తారు. 1950లలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. రెండు పూసలూ అతుక్కుపోతాయి కాబట్టి అక్కడ కదలిక ఉండదు. కొందరికి కృత్రిమ డిస్క్ పెట్టే వీలుంటుంది. నాలుగైదు చోట్ల నొక్కుతుంటే మెడ వెనక నుంచి వెన్నుపాము ఉండే దారిని వెడల్పు చేస్తారు.

నడుములో అయితే మైక్రోడిస్కెక్టమీ చేసి, నరాన్ని నొక్కే ముక్కను మాత్రం తీస్తారు. కాలిలోకి లాగే నొప్పికి ఇది బాగా పనిచేస్తుంది. నడుంనొప్పి విషయంలో అంత భరోసా ఇవ్వలేం. ఈ తేడా సంతకం పెట్టేముందే సర్జన్‌ను అడిగి తెలుసుకోవాలి.

నడుంనొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్ను అడుగున నరాల కట్ట నలిగిపోతోందేమో వెంటనే తేల్చాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు.