పాట దక్కాలంటే... ముల్లు కుదరాలి!

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఒకప్పుడు పెళ్ళయినా, శ్రీరామనవమి పందిరయినా మైకుసెట్టులో రికార్డు తిరగాల్సిందే. సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య పద్యాలు, కొమ్మూరులో పుట్టిన కరుణశ్రీ రాయగా ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’, 1974లో ఘంటసాల కన్నుమూశాక విడుదలైన ‘భగవద్గీత’... ఇలా ఎన్నో రికార్డులు ఇప్పటికీ కొందరి ఇళ్ళల్లో అటకల మీద ఉన్నాయి. పక్కనే మూగబోయిన ప్లేయరూ ఉంటుంది.

దాన్ని బాగు చేయించుకోవడం ఇప్పుడు కష్టమేం కాదు. పాశ్చాత్య దేశాల్లో రికార్డులకు మళ్ళీ గిరాకీ వచ్చింది. 2022లో అమెరికాలో సీడీలకంటే వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. దాంతో ముళ్ళు, బెల్టుల్లాంటి విడిభాగాలు మన దగ్గరా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. చిక్కల్లా ఏది కొనాలన్నదే. ప్లేయరు పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. నాటక పద్యాల రికార్డు అరిగిపోతే మళ్ళీ తేలేం. అందుకే విడిభాగం కొనేముందు చూడాల్సింది ప్లేయరును కాదు, మీ దగ్గరున్న రికార్డుల్ని.

లక్కా? ప్లాస్టిక్కా?

బరువుగా ఉండి, కిందపడితే పెంకులా పగిలేవి 78 రికార్డులు. వాటిలో లక్క ఉంటుంది. నిమిషానికి 78 సార్లు తిరుగుతాయి కాబట్టి ఆ పేరు. కాస్త వంగేవి వినైల్ ప్లాస్టిక్‌వి. అమెరికాలో 1948లో వచ్చిన ఎల్పీలు, ఆ మరుసటేడు వచ్చిన 45లు ఈ రకం.

రెండింటి గాళ్ళూ ఒకటి కాదు. 78 గాడి వెడల్పు. దాని ముల్లు మొన మొద్దుగా ఉంటుంది. ఎల్పీ గాడి సన్నం. దాని మొన 78 ముల్లులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుందంతే. ఎల్పీ ముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగున పడి దొర్లుతుంది, పాటకంటే గరగర ఎక్కువ వినిపిస్తుంది. 78 ముల్లును ఎల్పీ మీద పెడితే గాడి అంచుల్ని కోసేస్తుంది. ఇక కీ ఇచ్చే పాత గ్రామఫోను మీద ఎల్పీ అస్సలు పెట్టకూడదు. దాని ఉక్కు ముల్లును ఒక్క వైపు పాడగానే మార్చేయాలన్నది ఆనాటి నియమం.

నంబరే ఆధారం

ముల్లును దుకాణాల్లో స్టైలస్ అంటారు. అది అమరే చిన్న పెట్టె కార్ట్రిజ్. హెచ్ఎంవీ ఫియెస్టాలాంటి పాత ప్లేయర్లలో సాధారణంగా సిరామిక్ కార్ట్రిజ్ ఉంటుంది. కొన్నింటికి చిన్న మీట ఉంటుంది. అటు తిప్పితే 78 ముల్లు, ఇటు తిప్పితే ఎల్పీ ముల్లు. కార్ట్రిజ్ మీద నంబరు చూసి, దానికి సరిపడే ముల్లే కొనండి. నీలం మొనకంటే వజ్రపు మొనకు ఖరీదు ఎక్కువైనా ఎన్నో రెట్లు మన్నుతుంది.

అలాంటి ప్లేయరుకు ‘మంచిది కదా’ అని అయస్కాంతపు కార్ట్రిజ్ తగిలిస్తే చెప్పు కోసం కాలు కోసుకున్నట్టే. దాన్నుంచి వచ్చే విద్యుత్తు కొద్ది మిల్లీవోల్టులే. మధ్యలో ఫోనో ప్రీయాంప్లిఫయర్ లేకపోతే పాట గుసగుసలాగే వినిపిస్తుంది. మీ ప్లేయరులో ముందునుంచీ ఆ రకమే ఉంటే మాత్రం పని తేలిక. చాలావాటికి రెండు మరలు అర అంగుళం దూరంలో ఉంటాయి. ఆడియో టెక్నికా వీఎం95 లాంటి వరసలో కార్ట్రిజ్ ఒకటే, ముళ్ళు వేరు. ఎల్పీకి ఒకటి, 78కి ఇంకొకటి మార్చుకోవచ్చు.

ముల్లు జారుతోందని చేతిమీద రూపాయి బిళ్ళ పెట్టే అలవాటు కొందరికి ఉంది. రూపాయి బరువు మూడు గ్రాములకు పైమాటే. అయస్కాంతపు రకానికి ఎల్పీ మీద సాధారణంగా రెండు గ్రాముల దగ్గర చాలు. ఎంత పెట్టాలో కంపెనీ కాగితంలో చూసి చిన్న డిజిటల్ త్రాసుతో సరిచూసుకోండి.

ఎండకు బెల్టు బలి

రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే. ఏళ్ళతరబడి అలాంటి వేడిలో ఉంటే రబ్బరు సాగిపోతుంది, లేదా బిగుసుకుపోతుంది. బెల్టు సాగితే పాట ఈడుస్తుంది. పాతదాని కొలత కావాలంటే మోటారు కప్పీ చుట్టూ, ప్లేటు కింద బెల్టు తిరిగే అంచు చుట్టూ కలిపి దారం చుట్టండి. ఆ పొడవుకంటే బెల్టు కాస్త, అంటే నూటికి అయిదు పాళ్ళదాకా, చిన్నదిగా ఉండాలి. మరీ బిగుతైతే మోటారు అరుగుతుంది. వెడల్పు, మందం కూడా చూడాలి. కూరగాయల కవరుకు వేసే రబ్బరు బ్యాండు పనికిరాదు.

బెల్టు బదులు రబ్బరు చక్రంతో తిరిగే రకమైతే, ఆ చక్రానికి సొట్ట పడిందేమో చూడండి. సొట్ట ఉంటే ప్రతి చుట్టుకీ ‘దబ్’మంటుంది. దాన్ని మార్చాల్సిందే.

వేగం పరీక్షకు పరికరం అక్కర్లేదు. రికార్డు కింద చిన్న కాగితం ముక్క బయటికి కనిపించేలా పెట్టి, ముల్లు దించి లెక్కపెట్టండి. ఎల్పీ మూడు నిమిషాల్లో సరిగ్గా వంద చుట్లు తిరగాలి.

అమెరికా నుంచి తెస్తే...

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి పాత ప్లేయరు తెస్తే వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని 110కి దించుతుంది కానీ మన కరెంటు 50 హెర్ట్జ్‌ను అక్కడి 60గా మార్చదు. ఏసీ సింక్రనస్ మోటారు ఉన్న ప్లేయరైతే 33 బదులు 28 చుట్లకు పడిపోతుంది. ఘంటసాల గొంతు ఇంకా బొంగురు పోతుంది! దానికి 50 హెర్ట్జ్ కప్పీ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. డీసీ మోటారు రకానికి ఈ బాధ లేదు.

మరో మాట. పత్తి నూగు, మిరప దుమ్ము ఎగిరే ఊళ్ళల్లో ప్లేయరు మూత కూడా ముఖ్యమైన విడిభాగమే. ముల్లును మెత్తని బ్రష్‌తో వెనకనుంచి ముందుకు తుడవాలి. 78 రికార్డుల్ని మాత్రం స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది.

అన్నీ అమర్చాక మొదట రఘురామయ్య రికార్డే పెట్టాలని ఎవరికైనా ఉంటుంది. ఆగండి. పోయినా ఫర్వాలేదనుకునే రికార్డును ముందు రెండుసార్లు తిప్పండి. పాట సాఫీగా సాగి, గాడిలోంచి నల్లటి పొడి రాలకుండా ఉంటే... ఇక పద్యం అందుకోవచ్చు.