కాటన్ అంటే పత్తి కాదు!

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఓసారి నడిచి చూడండి. దుకాణాల అద్దాల మీద 'కాటన్ చీరలు', 'ప్యూర్ కాటన్', 'కాటన్ కుర్తీలు'... పది అడుగులకో కాటన్! కాస్త ముందుకెళ్తే ఎర్రమంజిల్. అక్కడే నీటిపారుదల శాఖ వారి జలసౌధ. అందులో పనిచేసే ఇంజినీరు దగ్గర 'కాటన్' అని చూడండి. పత్తి గుర్తుకు రాదు, గోదావరి గుర్తుకొస్తుంది.

పలకడం ఒకటే, ఇంగ్లీషులో రాయడమూ ఒకటే. అయినా ఈ రెండు కాటన్లకూ చుట్టరికం లేదు. బట్టల కాటన్ అరబ్బుల 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ ఇంటిపేరు మాత్రం ఇంగ్లండు పల్లెల్లోని గుడిసెల్లో పుట్టింది.

ఇలాంటి తమాషా ఎర్రమంజిల్ పేరులోనూ ఉంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో ఇక్కడి గుట్ట మీద కట్టించుకున్న మహలు పేరు 'ఇరమ్ మంజిల్'. పారశీకంలో ఇరమ్ అంటే స్వర్గంలాంటి తోట. కింది జనం అప్పటికే ఆ గుట్టను ఎరుపు రంగును బట్టి పిలుచుకునేవారనీ, నవాబుగారు రెండిటికీ కుదిరేలా పేరు పెట్టారనీ చెబుతారు. స్వర్గం సంగతి మనకెందుకు... సిటీ బస్సు కండక్టరుకు అది ఎర్రమంజిలే!

గుడిసెల కాడి వాళ్లు

పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. 'కాటేజ్' అనే మాటా అక్కడిదే. 'గుడిసెల దగ్గర' అని చెప్పడానికి అప్పట్లో 'కోతుమ్' అనే రూపం వాడేవారు. అదే అరిగి అరిగి కాటన్, కోటన్ అనే ఊళ్ల పేర్లయింది. స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్ ఉంది. ష్రాప్‌షైర్‌లోనూ, కేంబ్రిడ్జ్ పక్కనా కోటన్లు ఉన్నాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక భూముల లెక్కలు, పన్నుల చిట్టాలు మొదలయ్యాయి. ఊళ్లో పది మంది జాన్‌లుంటే ఏ జాన్ అని రాయాలి? 'కాటన్ ఊరి జాన్' అని రాశారు. తరాలు గడిచేసరికి 'ఊరి' ఎగిరిపోయి కాటన్ మిగిలింది. 1400 నాటికి ఇంగ్లండులో చాలా కుటుంబాలకు ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. 1538లో ప్రతి చర్చిలోనూ పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు పుస్తకంలో రాయాలన్న ఉత్తర్వు వచ్చాక మార్చుకోవడం మరీ కష్టమైంది.

ఇదంతా ఎక్కడో విన్నట్టు లేదూ? నండూరు వారు నండూరి, వేటూరు వారు వేటూరి అయింది ఇలాగే. ఊరి చివర ఒక్క 'ఇ'కారం చేరిస్తే చాలు, 'ఆ ఊరి వాళ్లం' అని చెప్పినట్టే. అక్కడ కొలిమి పనివాడు స్మిత్, కుట్టుపనివాడు టేలర్ అయితే ఇక్కడ తాపీ కూడా ఇంటిపేరైంది. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో కనిపిస్తే మనం ఆశ్చర్యపోం కదా! అందరూ ఒకే ఊరి నుంచి లేచి వచ్చినవాళ్లు కావచ్చు. కాటన్ల కథ దానికి తిరగేసిన అద్దం... ఊళ్లు చాలా, పేరు ఒకటి. అందుకే కాటన్లందరికీ మూలపురుషుడు ఒకడే అని వెతకడం దండగ.

కోంబర్‌మియర్ నుంచి కోనసీమకు

మన కాటన్ వంశానికి చెషైర్‌లోని కోంబర్‌మియర్ మఠం పెద్దిల్లు. ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాలను రద్దు చేసి ఆస్తులు పంచిపెట్టినప్పుడు, 1539లో అది సర్ జార్జ్ కాటన్‌కు దక్కింది. ఆ ఇంటివాడైన స్టేపుల్టన్ కాటన్ 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాని. ఆయన పినతండ్రి కొడుకే 1803 మే 15న పుట్టిన ఆర్థర్. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. ఆస్తిలో వాటా పెద్దగా రాని ఇలాంటి కుర్రాళ్లకు ఆ రోజుల్లో కంపెనీ కొలువే దిక్కు. పద్దెనిమిదేళ్లకు, 1821లో మద్రాసులో దిగాడు. అన్న సిడ్నీ సైన్యంలో, మరో సోదరుడు ఫ్రెడరిక్ ఇంజినీర్లలో... మొత్తానికి ఇల్లంతా ఇండియాలోనే!

కావేరి మీద చోళుల నాటి కల్లణైని చూసి, ఇసుకలో పునాది నిలబెట్టే విద్యను పట్టుకున్నాడు ఆర్థర్. అది పాత తమిళ మేస్త్రీల దగ్గర నేర్చిందేనని దాచకుండా చెప్పాడు. 1832-33 కరవుతో డెల్టా చితికిపోయి ఉంది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెడితే 1852కు ఆనకట్ట పూర్తయింది. ఆ వెంటనే కృష్ణ మీద బెజవాడ ఆనకట్టను 1855కు పూర్తిచేసింది కెప్టెన్ ఓర్. పాపం, ఓర్ దొరకు గోదావరి దొరకు దక్కినన్ని విగ్రహాలు లేవు.

పత్తితో సంబంధం లేదన్నాం కదా... పేరుకు లేకపోయినా మనిషికి ఉంది! గోదావరి మీద పడవలు నడిపి బీరారు పత్తిని సముద్రం దాకా చేర్చాలని ఆయన పట్టుబట్టాడు. మాంచెస్టర్ మిల్లు యజమానులకూ కావలసింది అదే. ఆ పథకం కింద కట్టినవే దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులు. రైళ్లు వచ్చేశాయి, ఖర్చు పెరిగింది, పథకం మూలపడింది. దుమ్ముగూడెం మాత్రం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో నేటికీ ఉంది. తెల్లదొర మేలు చేశాడా, కంపెనీ ఖజానాకు శిస్తు పెంచాడా అని చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. రెండూ జరిగాయన్నదే నిజానికి దగ్గర. ఆనకట్ట నీళ్లు అందని మెట్ట ప్రాంతాల వారికి ఈ భక్తి అంతగా ఉండకపోవడమూ సహజమే. తెలంగాణ రాష్ట్రం ఇంజినీర్ల దినోత్సవానికి ఎంచుకున్నది నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతిని, జులై 11ని. 1931 నాటి నిజాంసాగర్ ఆయన చలవే.

ఇదే ఇంటిపేరుతో సంబంధం లేని కాటన్లు ఇంకెందరో. సర్ రాబర్ట్ కాటన్ పోగేసిన లిఖిత ప్రతుల్లో మాగ్నా కార్టా ప్రతులు, 'బేవుల్ఫ్' కావ్యం ఒకే ఒక్క ప్రతి ఉన్నాయి. 1731 అగ్నిప్రమాదంలో ఆ కావ్యం అంచులు కాలాయి కానీ, బతికిపోయింది. 1904లో కాంగ్రెస్ అధ్యక్షుడైన సర్ హెన్రీ కాటన్‌ది వేరే శాఖ. గువాహటిలో ఇప్పటి కాటన్ యూనివర్సిటీ ఆయన పేరు మీద 1901లో కాలేజీగా మొదలైంది.

పేరు ముందా... ఇంటిపేరు ముందా?

జాన్ కాటన్ అనే మతబోధకుడు 1633లో అమెరికాలోని బోస్టన్‌కు వలసపోయాడు. ఆయన కూతురు మేథర్ల ఇంటి కోడలై, కొడుక్కి తన పుట్టింటి ఇంటిపేరే పెట్టుకుంది. ఆ పిల్లాడే కాటన్ మేథర్. అలా ఇంటిపేరు కాస్తా పేరైపోయింది. గోదావరి జిల్లాల్లోనూ జరిగింది కొంచెం అలాంటిదే. ఆర్థర్ అంటే అక్కడ ఎవరికీ తెలీదు. 'కాటన్ దొర' అంటేనే తెలుసు. ఇంటిపేరుతో మనిషిని పిలవడం మనకు అలవాటు లేదు కాబట్టి, అదే ఆయన పేరనుకుని సొంతం చేసుకున్నారు.

ఇప్పుడు అదే తంతు తిరగబడి నడుస్తోంది. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకుని విమానమెక్కే కుర్రాళ్లకు మొదటి తలనొప్పి సాఫ్ట్‌వేర్ కాదు, దరఖాస్తులోని 'సర్‌నేమ్' గడి. ఇంట్లో ఇంటిపేరు ముందు, అక్కడేమో చివర. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒట్టి పొడి అక్షరమే ఉంటే పాస్‌పోర్టులో దాన్ని విప్పి రాయించుకోవాలి. పేరంతా సర్‌నేమ్ గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో పేరు చోట 'ఎఫ్ఎన్‌యు' అని పడుతుంది. పేరు తెలియదని దానర్థం. అక్కడ బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే పేరు వెంటపడితే, నాయనమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరు సర్దించుకోవడానికి మళ్లీ కాగితాలన్నీ పట్టుకుని తిరగాలి. అందుకే అప్లికేషన్ నింపే ముందు అమ్మానాన్నల పాస్‌పోర్టులు, టెన్త్ మెమో పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూసుకోమని ముందు వెళ్లినవాళ్లు వెనకవాళ్లకు చెబుతుంటారు.