కోరంగి కథ చెప్పేవాళ్లు కావాలి

నార్వేకు ఉత్తరాన, ధ్రువానికి దగ్గరగా స్వాల్‌బార్డ్ దీవులున్నాయి. మన దేశం 2008లో హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని తెరిచింది అక్కడే. వేసవి రాగానే ఆ మంచు తీరం వెంట చిన్నచిన్న యాత్రా నౌకలు బయలుదేరతాయి. వాటిలో విలాసం కన్నా విషయానికి విలువ ఎక్కువ. పక్షుల సంగతి తెలిసినవారు, మంచును చదివినవారు, ఒకప్పటి తిమింగలాల వేట చరిత్ర చెప్పగలిగినవారు ప్రయాణికుల వెంటే ఉంటారు. రబ్బరు పడవల్లో కొద్దికొద్ది మందిని ఒడ్డుకు దింపుతారు. 2025 జనవరి నుంచి నిబంధనలు ఇంకా బిగించారు. రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించిన ఓడ వెళ్లకూడదు. ధ్రువపు ఎలుగుబంటికి కనీసం 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ దాకా అయితే 500 మీటర్ల ఎడం పాటించాలి.

అంత ఖర్చు అందరివల్లా కాదు. కానీ పడవలో తీరం వెంట వెళ్తూ అటు అడవినీ ఇటు మనుషుల చరిత్రనూ చూసే యోగం అనకాపల్లి జిల్లా మాడుగుల వాళ్లకు దగ్గర్లోనే ఉంది. చోడవరం మీదుగా అనకాపల్లి చేరి, రైలెక్కి సామర్లకోటలో దిగితే కాకినాడ పక్కనే. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటగానే కోరంగి మడ అడవి మొదలవుతుంది.

గోదావరి సముద్రంలో కలిసే చోట పెరిగిన ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెట్ల మధ్య చెక్క వంతెన ఉంది, కాలువల్లోకి పడవలున్నాయి.

పాటు సమయంలో నీరు తగ్గి బురద బయటపడినప్పుడు చూడాలి అసలు సందడి. నేలలో నాటిన పెన్సిళ్లలా వేల వేర్లు పైకి పొడుచుకు వచ్చి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్య నెత్తిన కళ్లున్న చిన్న చేపలు, మడ్‌స్కిపర్లు, రెక్కల మీద గెంతుతుంటాయి. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ చర్మంతోనే గాలి పీల్చుకోగలవు. ఒక డెక్క ఒంటికి మించి పెరిగిన మగ పీతలు ఆడపీతల కోసం ఆ డెక్కను ఊపుతూనే ఉంటాయి. తెల్లమడ ఆకును నాలుకకు ఆనిస్తే ఉప్పగా తగులుతుంది. చెట్టు తాగిన ఉప్పునీటిలోని ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది మరి.

ఇక్కడి అసలు దొర బావురుపిల్లి. చేపల కోసం నీళ్లలోకి దిగే పిల్లి ఇది. ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది కాబట్టి పగటి యాత్రికులకు బురదలో దాని అడుగులు కనిపిస్తే అదృష్టమే. నీటికుక్కలు మాత్రం గుంపుగా ఈదుతూ ఒక్కోసారి కంటపడతాయి. లకుముకి పిట్టలకూ కొంగలకూ కొదవ లేదు.

అడవికి ఆవల, సముద్రంలోకి దాదాపు 16 కిలోమీటర్లు చాచుకున్న ఇసుక దిబ్బే హోప్ ఐలాండ్. గోదావరి మోసుకొచ్చిన మట్టీ ఇసుకా పేరుకుని ఏర్పడింది. కెరటాల దెబ్బ కాకినాడ అఖాతానికి నేరుగా తగలకుండా కాపు కాస్తుంది. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి.

ఇక మనుషుల కథ. రెండు వందల ఏళ్ల కిందట కోరంగి పేరున్న రేవు. ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. 1789 ఉప్పెన ఆ ఊరిని ముంచింది. కోలుకున్న ఊరి మీద 1839 నవంబర్‌లో మరో ఉప్పెన విరుచుకుపడింది. మూడు లక్షల మంది పోయారని చాలాచోట్ల రాస్తారు. ఆ అంకె నమ్మదగ్గది కాదనే చరిత్రకారులూ ఉన్నారు. రేవు వైభవం మాత్రం మళ్లీ తిరిగి రాలేదు. అయినా పేరు మిగిలింది. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుంచి పొట్టచేత పట్టుకుని బర్మా వెళ్లిన తెలుగు కూలీలందరినీ రంగూన్‌లో కోరంగీలనే పిలిచారు. 1930లో అక్కడి రేవులో చెలరేగిన అల్లర్లలో దెబ్బతిన్నది ఆ కూలీలే. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల గుర్తుగా విశాఖలో బర్మా క్యాంప్ అనే పేట నేటికీ ఉంది. మాడుగుల చుట్టుపక్కల పాతతరం ఇళ్లలో రంగూన్ మాట వినిపిస్తే దాని మొదలు ఈ తీరంలోనే ఎక్కడో ఉంటుంది.

పడవెక్కిన వాళ్లలో చాలామంది ఈ కథలేవీ వినకుండానే నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోతున్నారు. తప్పు వాళ్లది కాదు, చెప్పేవాళ్లు లేకపోవడమే లోటు. స్వాల్‌బార్డ్ నుంచి మనం నేర్చుకోవలసింది ఓడల హంగు కాదు, వెంట ఉండి చెప్పే మనిషిని పెట్టడం. ఏ కాలువలోకి ఏ గంటకు పోటు ఎక్కుతుందో, నీటికుక్కలు ఎక్కడ ఒడ్డుకు చేరతాయో మత్స్యకార కుటుంబాలకు పుట్టుకతో తెలుసు. ఆ కుటుంబాల యువతకు చరిత్ర, జీవశాస్త్రం కొంచెం నేర్పి, గైడ్లుగా జీతమిచ్చి నిలబెడితే అడవికీ వాళ్లకూ మేలు.

వెళ్లాలనుకునేవారికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఆ రోజు పోటు, పాటు వేళలు ముందే కనుక్కోండి. పాటప్పుడు చెక్క వంతెన మీద నడవండి, పోటప్పుడు పడవెక్కండి. ప్లాస్టిక్ సంచులు ఇంట్లోనే వదిలేయండి. పడవ నడిపే అన్నను పలకరించి, ఆయన ఊరి సంగతులు అడగండి.