రెండు సిలిండర్ల చిన్న బైక్‌లో కింద పికప్ ఎందుకు ఉండదు? సైలెన్సర్ మారిస్తే వస్తుందా?

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నాను. రాజమండ్రి వైపు కుర్రాడు, కొత్తగా పెళ్ళయింది, సెకండ్ హ్యాండ్‌లో కవాసకి నింజా 300 కొన్నాడు. ఆయన రాసింది ఇదీ: "అన్నా, మారేడుమిల్లి ఘాట్‌లో వెనకాల మా ఆవిడ కూర్చుని ఉంది. ముందు లారీ. ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ ఫుల్లుగా తిప్పాను. బండి మూలిగింది గానీ లాగలేదు. ఎదురుగా బస్సు వచ్చేసింది. ఎలాగో బ్రేక్ కొట్టి వెనక్కి తగ్గాను. 39 హార్స్ పవర్ అన్నారు కదా, ఎక్కడుందన్నా ఆ పవర్? సైలెన్సర్ మార్చమంటున్నారు, ముప్పై వేలు అడుగుతున్నారు. మార్చనా?"

నేను తిరిగి ఒకటే అడిగాను. ఆ టైమ్‌లో ఏ గేర్‌లో ఉన్నావు, స్పీడ్ ఎంత? "ఆరో గేర్, ఒక యాభై ఉంటుంది" అన్నాడు.

సరే, సైలెన్సర్ సంగతి తర్వాత. ముందు ఆ 39 హార్స్ పవర్ ఎక్కడ దాక్కుందో చూద్దాం.

నింజా 300ది 296 సీసీ ఇంజన్, రెండు సిలిండర్లు. పవర్ 39 పీఎస్, అదీ 11,000 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 27 న్యూటన్ మీటర్లు, 10,000 ఆర్‌పీఎం దగ్గర. ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకోండి, 2021లో వచ్చిన కొత్త ఇంజన్ ఉన్నది. ఒకే సిలిండర్, 349 సీసీ. టార్క్ ఎంతనుకుంటున్నారు? అదీ 27 న్యూటన్ మీటర్లే! కాకపోతే 4,000 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేస్తుంది.

ఈ ఒక్క పోలిక అర్థమైతే సగం ఎపిసోడ్ అయిపోయినట్టే. పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేది. 27 న్యూటన్ మీటర్లు 4,000 దగ్గర ఉంటే సుమారు 15 పీఎస్. అదే 27, పదివేల దగ్గర ఉంటే సుమారు 38 పీఎస్. నెట్టే బలం ఒకటే, నింజా అదే బలంతో సెకనుకి ఎక్కువసార్లు నెడుతుంది. సిగ్నల్ దగ్గర బుల్లెట్ ముందుకి వెళ్ళిపోతుంటే మీ బండిలో ఏదో లోపం ఉందని కాదు. దాని బలం కింద అంతస్తులో ఉంది, మీది పైన ఉంది, మెట్లెక్కి వెళ్ళాలి.

మరి ఎందుకలా? నింజా సిలిండర్ బోర్ 62 ఎంఎం, స్ట్రోక్ 49 ఎంఎం. అంటే వెడల్పు ఎక్కువ, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం తక్కువ. దూరం తక్కువ కాబట్టే 11,000 దాకా తిరిగినా పిస్టన్ తట్టుకుంటుంది. క్లాసిక్‌ది రివర్స్, బోర్ 72, స్ట్రోక్ 85.8. దాన్ని పదివేలు తిప్పే ప్రసక్తే లేదు.

కానీ అసలు కథ వాల్వుల్లో ఉంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుని గాలి, పెట్రోలు లోపలికి వస్తాయి. పిస్టన్ అడుగుకి వెళ్ళి తిరిగి పైకి బయల్దేరినా ఆ వాల్వ్ వెంటనే మూసుకోదు, ఇంకాసేపు తెరిచే ఉంటుంది. కంపెనీ కావాలనే అలా పెడుతుంది. పండగ ముందు రోజు ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. కండక్టర్ విజిల్ వేశాక కూడా వెనకాల తోపులాట ఊపులో ఇంకో పదిమంది లోపలికి పడతారు. తలుపు కాస్త ఆలస్యంగా వేస్తే లాభమే. పదివేల ఆర్‌పీఎం దగ్గర గాలికి అంత ఊపు ఉంటుంది. అదే మూడువేల దగ్గర గాలికి ఊపు లేదు, జనం లేని బస్సు అన్నమాట. తలుపు తెరిచి ఉంటే ఎక్కినవాళ్ళే దిగిపోతారు. పైకి వస్తున్న పిస్టన్ ఆ మిశ్రమాన్ని కొంత వెనక్కి తోసేస్తుంది. సిలిండర్ నిండదు, టార్క్ రాదు.

పాత యమహా ఆర్‌డీ 350 ఫ్యాన్స్ ఉంటే వాళ్ళకి ఒక మాట. మన దగ్గర 1983 నుంచి రాజ్‌దూత్ 350 పేరుతో వచ్చింది కదా, అదీ రెండు సిలిండర్లే, టూ స్ట్రోక్. దాని మీద 'టార్క్ ఇండక్షన్' అని రాసి ఉండేది. లోపల ఉన్నది రీడ్ వాల్వ్, లోపలికి వెళ్ళినదాన్ని వెనక్కి రానివ్వని చిన్న రేకు తలుపు. పైన చెప్పిన వెనక్కి తోసే సమస్యకే టూ స్ట్రోక్‌లో అది మందు. ఈ తలనొప్పి కొత్తది కాదు, నలభై ఏళ్ళ కింద కూడా ఉంది.

ఇప్పుడు సైలెన్సర్ దగ్గరికి వద్దాం. ఫ్రీ ఫ్లో పెడితే ఇంజన్ ఊపిరి ఫ్రీ అయిపోతుంది, పికప్ పెరుగుతుంది అంటారు. ఊపిరి ఫ్రీ అవ్వడం నిజమే, కానీ ఎక్కడ? పైన! కింద ఆర్‌పీఎంలో బయటికి వెళ్ళే పొగే తక్కువ, అక్కడ అడ్డు పెద్ద సమస్య కాదు. పైగా లావు పైపులో ఆ కాస్త పొగ నెమ్మదిస్తుంది. కంపెనీ పైపు పొడవు, లావు ఊరికే పెట్టలేదు. పొగ వదిలిన ప్రతి దెబ్బకీ పైపులో ఒక ప్రెషర్ అల వెళ్ళి తిరిగొస్తుంది. సరైన టైమ్‌కి వస్తే సిలిండర్‌లో మిగిలిన పొగని లాగేస్తుంది, తప్పు టైమ్‌కి వస్తే లోపలికే తోస్తుంది. చెవికి పెద్ద శబ్దం వినిపిస్తే మనసు "బండి లాగుతోంది" అని నమ్మేస్తుంది. స్టాప్‌వాచ్ నమ్మదు.

ఎయిర్ బాక్స్ పీకేసి కోన్ ఫిల్టర్ పెట్టడం ఇంకా దారుణం, నా లెక్కలో. ఆ నల్ల డబ్బా చెత్త ప్లాస్టిక్ కాదు. లోపల గాలి అలలు కింద, మధ్య ఆర్‌పీఎంలో సాయం చేసేలా దాని సైజు లెక్కేసి చేస్తారు.

ఇక చట్టం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం శబ్దం, పొగ పరిమితి దాటితే మొదటిసారికే 3 నెలల వరకు జైలు గానీ 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. పైన లైసెన్స్‌కి 3 నెలల అనర్హత. పోలీసులు సైలెన్సర్లని రోడ్ రోలర్ కింద వేసి తొక్కించే వీడియోలు మీరు చూసే ఉంటారు. ముప్పై వేలు రోలర్ కింద పెట్టడం అన్నమాట.

కాబట్టి తమ్ముడూ, మార్చకు.

మరి ఏం చేయాలి? సెకండ్ హ్యాండ్ బండి అన్నాడు కాబట్టి ముందు ఉన్న పవర్ పూర్తిగా వస్తోందో లేదో చూడాలి. టైర్ గాలి, చైన్, జామ్ అవుతున్న బ్రేక్, మురికి ఎయిర్ ఫిల్టర్, జారుతున్న క్లచ్, ఇవి ఏ బండికైనా ఉన్నవే. రెండు సిలిండర్ల బండికి మాత్రం ఇంకో జబ్బు ఉంటుంది. ఇద్దరు కలిసి మోసే పల్లకీలో ఒకడు బద్ధకంగా మోయడం.

ప్రతి సిలిండర్‌కి వేరే థ్రాటిల్ ఉంటుంది. రెండూ ఒకేలా తెరుచుకోవాలి. ఫుల్ థ్రాటిల్‌లో వెంట్రుకవాసి తేడా ఉన్నా తెలీదు. కానీ ఐడ్లింగ్‌లో, సిటీ స్పీడ్‌లో తలుపు తెరిచేదే వెంట్రుకవాసి. అక్కడ అదే తేడా చాలా పెద్దది. ఒక సిలిండర్ లాగుతుంది, రెండోది వేలాడుతుంది. హ్యాండిల్ వణుకు, నిలకడ లేని ఐడ్లింగ్, కింద పికప్ లేకపోవడం, పైకి వెళ్ళాక మాత్రం బాగానే ఉండడం, ఇవీ లక్షణాలు. మెకానిక్‌ని "థ్రాటిల్ సింక్ చెయ్యి" అని అడగండి. రెండింటికీ వాక్యూమ్ గేజ్ పెట్టి సమానం చేస్తాడు. గేజ్ లేకుండా చెవితో చేస్తానంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

పాత మేస్త్రీల చిట్కా ఒకటుంది. బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, అర నిమిషం తర్వాత రెండు బెండ్ పైపుల మీద తలా రెండు చుక్కలు నీళ్ళు వేయండి. చెయ్యి మాత్రం పెట్టకండి. ఒకటి చుయ్‌మని, ఇంకోటి ఊరికే తడిసి ఉంటే ఆ సిలిండర్ సరిగ్గా మండట్లేదు. ప్లగ్, కాయిల్, ఇంజెక్టర్ వైపు వెతకాలి. కార్బురేటర్ ఉన్న పాత నింజా 250 అయితే చిన్న జెట్ పూడిపోయి ఉండొచ్చు.

తర్వాత వాల్వ్ క్లియరెన్స్, మనవాళ్ళ భాషలో ట్యాపెట్ సెట్టింగ్. లూజ్ అయితే టకటక సౌండ్ వస్తుంది కాబట్టి అందరూ పట్టించుకుంటారు. టైట్ అయితే సౌండే రాదు, ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ లీక్ అవుతుంది, ఆ దెబ్బ కూడా ముందు కింద ఆర్‌పీఎంలోనే కనిపిస్తుంది. సౌండ్ లేదంటే బాగుందని కాదు. రెండు సిలిండర్ల కంప్రెషన్ చెక్ చేయించండి, రెండూ దగ్గరగా ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండీ ఇంకా కావాలంటే, నేను చెప్పేది స్ప్రాకెట్. నింజా 300కి కంపెనీ ఇచ్చేది ముందు 14 పళ్ళు, వెనక 42. నిష్పత్తి 3. ముందు 13 పెడితే 3.23 అవుతుంది. ప్రతి గేర్‌లో వెనక చక్రానికి చేరే బలం 7.7 శాతం పెరుగుతుంది. ముందు 14 ఉంచి వెనక 45 పెట్టినా 7 శాతం పెరుగుతుంది. సరదా ఏంటంటే పాత నింజా 250కి వెనక ఉన్నది 45 పళ్ళే. కవాసకి బోర్ అదే 62 ఉంచి స్ట్రోక్‌ని 41.2 నుంచి 49కి పెంచి 300 చేసింది. బలం పెరిగింది కదా అని గేరింగ్ పొడుగు చేసింది. మనం దాన్ని పాత చోటుకి తెస్తున్నాం, అంతే.

ఫ్రీగా ఏదీ రాదు. ఆరో గేర్‌లో 100 స్పీడ్‌కి ఇంజన్ సుమారు 6,800 తిరిగేది, 13 పెట్టాక 7,300 తిరుగుతుంది. హైవే మీద మైలేజ్ కొంత తగ్గుతుంది, ఇంజన్ గోల పెరుగుతుంది. రోజూ విజయవాడ హైవే మీద వెళ్ళేవాళ్ళకి నేను వద్దనే అంటాను. సిటీలో, ఘాట్‌లో, వెనకాల మనిషితో తిరిగేవాళ్ళకి హాయిగా ఉంటుంది. ముందు చిన్న స్ప్రాకెట్ చవక, కానీ చైన్ ఇంకా గట్టిగా వంగి తిరగాలి కాబట్టి అరుగుదల ఎక్కువ. వెనక పెద్దది పెడితే చైన్ పొడవు సరిపోతుందో లేదో ముందే కొలిపించండి. మార్చాక చైన్ లూజు మళ్ళీ సెట్ చేయాలి, ముందు స్ప్రాకెట్ నట్‌కి లాక్ వాషర్ సరిగ్గా మడవాలి. గేర్ బాక్స్ దగ్గర నుంచి స్పీడ్ తీసుకునే బళ్ళలో మీటర్ ఎక్కువ చూపిస్తుంది. ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసి పోల్చుకోండి.

హెడ్ కోయించడం, క్యామ్ మార్చడం లాంటివి ఈ సైజు బండికి నేను సలహా ఇవ్వను, ఖర్చుకి తగ్గ ఫలితం రాదు. ఈసీయూ రీమ్యాప్ చేయిస్తే మాత్రం డైనో గ్రాఫ్ ముందుదీ తర్వాతదీ అడగండి. పైన ఎన్ని హార్స్ పవర్ పెరిగిందో చూడకండి. 3,000 నుంచి 6,000 మధ్య గీత ఎక్కడుందో చూడండి.

ఇప్పుడు ఆ లారీ దగ్గరికి వద్దాం. యాభై స్పీడ్‌లో ఆరో గేర్ అంటే ఇంజన్ సుమారు 3,400 తిరుగుతోంది. జనం లేని బస్సు. అదే స్పీడ్‌లో మూడో గేర్ వేస్తే సుమారు 5,600. రెండో గేర్ అయితే 7,100. స్ప్రాకెట్ ఇచ్చేది 7.7 శాతం. ఆరు నుంచి మూడుకి దిగితే గేర్ల వల్లే 64 శాతం ఎక్కువ బలం చక్రానికి చేరుతుంది, పైగా ఇంజన్ ఊపిరి అందుకునే చోటుకి వస్తుంది. ఆ లివర్ బండితో పాటే వచ్చింది.

కాబట్టి ఓవర్‌టేక్‌కి ముందే, ఇంకా లారీ వెనకాల ఉండగానే గేర్లు దించి పెట్టుకోండి. పక్కకి వచ్చాక దించడం కాదు. 6,000 పైన తిప్పితే ఇంజన్ పాడవుతుందని చాలామంది భయపడతారు, ముఖ్యంగా వంద సీసీ బండి నుంచి వచ్చినవాళ్ళు. ఆయిల్ సరిగ్గా ఉండి, ఇంజన్ వేడెక్కాక, ఈ ఇంజన్‌కి 8,000 అంటే మామూలు పని. ఆరో గేర్‌లో మూడువేల దగ్గర పెట్టి ఘాట్ ఎక్కించడమే దానికి కష్టం.

ఆ తమ్ముడికి థ్రాటిల్ సింక్, ట్యాపెట్లు ముందు చూపించమన్నాను. ఒక వారం గేర్లు దించి నడిపి చూసి, ఇంకా చాలదనిపిస్తేనే 13 పళ్ళ స్ప్రాకెట్. మీ బండి వేరేదైతే ముందు, వెనక స్ప్రాకెట్ పళ్ళు లెక్కపెట్టుకోండి, వెనకదాన్ని ముందుదానితో భాగించండి, ఇక్కడ చేసిన లెక్కే మీ బండికీ పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో చైన్ లూజు ఎంత ఉండాలి, ఎలా కొలవాలి అనేది చూపిస్తాను. ఉంటాను మరి.