పిలిస్తే వెళ్లే పనికి ధర ఎలా కట్టాలి?

మన పట్టణాల్లో ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఏసీ మెకానిక్‌లు, జనరేటర్లూ మోటార్లూ బాగుచేసేవారు చాలామంది సొంతంగా పనిచేసుకుంటున్నారు. ఒక నర్సింగ్ హోమో, ఫంక్షన్ హాలో, అపార్ట్‌మెంటో వీరితో “ఎప్పుడు ఫోన్ చేసినా రావాలి” అని మాట్లాడుకుంటుంది. వచ్చిన రోజు డబ్బులిస్తుంది, పిలవని రోజుకు ఏమీ ఉండదు. పనిచేస్తే కూలి, చేయకపోతే లేదు అన్నది పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాని “ఎప్పుడైనా రావాలి” అన్న మాటలోనే ఒక ఖర్చు దాగి ఉంది. దాన్ని ఎలా లెక్కించాలో, ఎలా అడగాలో తెలియక చాలామంది నష్టపోతున్నారు.

రెండు సేవలు, రెండు ధరలు

పిలుపు మీద పనిచేసే వ్యక్తి నిజానికి రెండు సేవలు అందిస్తున్నాడు. ఒకటి, చెడిపోయినదాన్ని బాగుచేయడం. రెండోది, పిలుపు కోసం సిద్ధంగా ఉండటం. రాత్రి ఏ వేళ ఫోన్ వచ్చినా అరగంటలో చేరతానని మాట ఇచ్చినవాడు ఆ రాత్రి ఊరు దాటలేడు. బంధువుల పెళ్లికి వెళ్లలేడు. మరోచోట రాత్రి పని ఒప్పుకోలేడు. ఫోన్ రాకపోయినా అతని రాత్రి అతనిది కాదు.

ఈ తేడా కొత్తగా కనిపెట్టింది కాదు. ఇజారా గురించి చెప్పేటప్పుడు ఫిఖహ్ పండితులు పనివారిని రెండు రకాలుగా చూశారు. నిర్ణీత కాలానికి ఒకరికే కట్టుబడినవాడు అజీరె ఖాస్. దర్జీలాగా పలువురికి పని చేసిపెట్టేవాడు అజీరె ముష్తరక్. హనఫీ ఫిఖహ్ ప్రకారం మొదటివాడు ఆ కాలమంతా పనికి అందుబాటులో ఉంటే, పని తగలకపోయినా కూలికి హక్కుదారుడే. రెండోవాడికి చేసిన పనిని బట్టి కూలి. పిలుపు మీద వెళ్లేవాడిలో ఈ ఇద్దరి లక్షణాలూ కొంత కొంత ఉన్నాయి.

ఆధునిక న్యాయస్థానాల ముందుకూ ఈ ప్రశ్న వచ్చింది. బెల్జియంలోని నివెల్ పట్టణంలో ఒక అగ్నిమాపక సిబ్బంది, పిలుపు వస్తే 8 నిమిషాల్లో కేంద్రానికి చేరాలన్న నిబంధనతో ఇంటి దగ్గరే వేచి ఉండేవాడు. అంత కట్టుబాటు ఉన్న నిరీక్షణను పని సమయంగానే లెక్కించాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018లో తీర్పు చెప్పింది. అది ఉద్యోగి విషయం. సొంతంగా పనిచేసుకునే కాంట్రాక్టరుకు అలాంటి రక్షణ దానంతట అది రాదు. తన ఒప్పందంలో తానే రాసుకోవాలి.

ఒకే ధర ఉంటే ఎక్కడ చెడుతుంది?

పిలిచినప్పుడు మాత్రమే డబ్బులిస్తే, ఎన్నిసార్లు చెడిపోతే మెకానిక్‌కు అంత లాభం. నిజాయితీపరుడికి కూడా ఇది పరీక్షే. ఎదురుచూసిన రాత్రులకు రాని డబ్బును కొందరు స్పేర్ పార్టుల ధరలో కలుపుకుంటారు. కెపాసిటర్ ఒక్కటి మారిస్తే సరిపోయే చోట మోటారు వైండింగ్ పోయిందంటారు. తప్పు వారిదే, కాని ఆ లెక్కలో యజమాని పొదుపు చేసినదేమీ లేదు.

నెలకు ఇంత అని మొత్తం ముందే ఇచ్చేస్తే కథ తిరగబడుతుంది. ఎన్నిసార్లు పిలిచినా అదే డబ్బు కాబట్టి బల్బు మార్చడానికీ అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. మెకానిక్ మెల్లగా ఫోన్ ఎత్తడం మానేస్తాడు. అందుకే సిద్ధంగా ఉన్నందుకు చిన్న నెలసరి మొత్తం, వచ్చి చేసిన పనికి విడిగా ఛార్జీ అన్న పద్ధతి ఇద్దరికీ మేలు.

ముందు గంట ధర తేల్చుకోవాలి

పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో చూసి ధర పెట్టడం అలవాటు. దానికన్నా మన ఖర్చుతో మొదలుపెట్టడం మంచిది. ఇక్కడి అంకెలు లెక్క తెలియడానికి మాత్రమే. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి.

ఇంటి ఖర్చు నెలకు 25,000 రూపాయలు అనుకుందాం. పెట్రోలు, ఫోను, పనిముట్లు, బీమాకు 8,000. ఉద్యోగికైతే యజమాని పీఎఫ్‌కు సాధారణంగా 12 శాతం, ఈఎస్ఐ వర్తిస్తే 3.25 శాతం జమచేస్తాడు. గ్రాట్యుటీ, సెలవులు దానికి అదనం. కాంట్రాక్టరుకు ఇవేవీ లేవు కాబట్టి జబ్బు చేసిన రోజులకూ, వయసు మీదపడిన రోజులకూ 5,000 పక్కన పెట్టాలి. మొత్తం నెలకు 38,000, ఏడాదికి 4,56,000.

సెలవులూ పండుగలూ పోగా 300 రోజులు పని ఉంటుంది. రోజంతా తిరిగినా డబ్బు వచ్చే పని 5 గంటలకు మించకపోవచ్చు. మిగతాది ప్రయాణం, దుకాణాల చుట్టూ తిరగడం, వసూళ్లు. అంటే ఏడాదికి 1,500 గంటలు. 4,56,000ను 1,500తో భాగిస్తే 304. గంట ధర సుమారు 300 రూపాయలు.

సిద్ధంగా ఉన్నందుకు

ఈ ధరలో ఎంత వంతు అడగాలన్నది కట్టుబాటును బట్టి ఉంటుంది. ఫోన్ ఎత్తి సలహా ఇస్తే చాలు, ఉదయం రావచ్చు అంటే తక్కువ. అరగంటలో రావాలంటే ఎక్కువ. అక్కడే పడుకోవాలంటే దాన్ని పూర్తి డ్యూటీగానే చూడాలి.

పదో వంతు అనుకుంటే గంటకు 30 రూపాయలు. రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు 10 గంటలకు 300. ముప్పై రాత్రులకు 9,000. ఒకే ఆసుపత్రి భరించలేకపోతే దగ్గర దగ్గరగా ఉన్న మూడు చోట్ల ఒప్పుకొని తలా 3,000 తీసుకోవచ్చు. అప్పుడు ఒకేసారి రెండు పిలుపులు వస్తే ఎవరికి ముందు వెళ్తారో ముగ్గురికీ ముందే చెప్పి ఉండాలి. ఒకే రాత్రిని ముగ్గురికీ “మీకోసమే” అని అమ్మడం న్యాయం కాదు.

వెళ్లినప్పుడు

రాత్రి పిలుపుకు మామూలు ధరకన్నా ఎక్కువ అడగడం అత్యాశ కాదు. పని గంటలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఒకటిన్నర రెట్లు పెట్టుకున్నా గంటకు 450. దానికి కనీసం 2 గంటల ఛార్జీ, అంటే 900 రూపాయలు ఉండాలి. పది నిమిషాల పనికి అంతా అని యజమానికి అనిపించవచ్చు. నిద్ర లేచి, వెళ్లి, తిరిగి వచ్చేసరికి గడిచే కాలం పది నిమిషాలు కాదని ముందే వివరించాలి. స్పేర్ పార్టులకు దుకాణం బిల్లు చూపి, విడిగా తీసుకోవాలి.

కాగితం మీద ఉండాల్సినవి

నోటిమాట కూడా ఒప్పందమే. కాని గొడవ వస్తే రుజువు దొరకదు. ఒక పేజీ చాలు. కనీసం వాట్సాప్‌లో పంపి, “సరే” అన్న జవాబు తీసుకోవాలి. అందులో ఇవి ఉండాలి:

1. ఏ రోజుల్లో, ఏ వేళల్లో అందుబాటులో ఉంటారు.
2. ఎంతసేపట్లో చేరతారు.
3. ఏ పనులు అత్యవసరం, ఏవి ఉదయం దాకా ఆగవచ్చు.
4. పిలిచే అధికారం ఎవరికి ఉంది.
5. నెలసరి మొత్తం, కనీస ఛార్జీ, ఆపై గంట ధర.
6. వెళ్లాక పని అవసరం లేదంటే ఎంత ఇవ్వాలి.
7. పండుగకో, జబ్బు చేస్తేనో బదులుగా ఎవరు వస్తారు.
8. డబ్బు ఏ తేదీకి ఇవ్వాలి, మానుకోవాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి.

డబ్బు ఆలస్యమైతే

ఉద్యం నమోదు ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది. నమోదైన చిన్న సంస్థకు ఒప్పందం ఏదైనా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే వడ్డీ కట్టాలి. అలాగే పెద్ద సంస్థలు ఏడాదికి లక్ష రూపాయలు మించి చెల్లించేటప్పుడు వ్యక్తిగత కాంట్రాక్టరు బిల్లులో 1 శాతం టీడీఎస్ పట్టుకుంటాయి. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసి పన్నులో సర్దుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం పట్టుకుంటారు.

సేవ వేరు, ధర వేరు

రంజాన్‌లో సహరీ వేళ మసీదు మోటారు ఆగిపోతే మన కుర్రాళ్లు డబ్బు అడగరు. అది వారి మంచితనం. అయినా అసలు ధర రాసి, ఎంత వదులుకున్నారో పక్కన రాసి బిల్లు ఇస్తే మంచిది. కమిటీకి ఆ పని విలువ తెలుస్తుంది. ఇచ్చినది సేవగా ఇచ్చినట్టు ఉంటుంది. బలవంతంగా ఉచితం చేయించుకున్నట్టు ఉండదు. కమిటీలు, సంఘాలు నడిపేవారు కూడా గమనించాలి. ఇష్టంగా వదులుకునే హక్కు పనిచేసినవాడిది, వదులుకొమ్మని అడిగే హక్కు మనది కాదు.

ఈ నెల ఇంటికి వెళ్లాక ఒక కాగితం తీసుకుని మీ గంట ధర కట్టి చూడండి. తర్వాత మిమ్మల్ని రాత్రిళ్లు పిలిచేవారితో కూర్చుని మాట్లాడండి. సిద్ధంగా ఉండటానికి ధర కట్టిన చోట ఫోన్ మోగితే మెకానిక్ విసుక్కోడు, బిల్లు చూసి యజమాని అనుమానపడడు.