కారు స్టీరియో: కనబడని చోటే ఖర్చు పెట్టాలి
అపోహలు – వాస్తవాలు

కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ పోవాలంటే 160 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచైతే దాదాపు 300. ఇంత దూరం పాట లేకుండా పోవడం కష్టమే. అందుకే బేస్ మోడల్ కారు కొన్నవాళ్లూ, సెకండ్ హ్యాండ్ కారు తెచ్చుకున్నవాళ్లూ ముందుగా కార్ డెకార్ షాపుకే పోతారు. పెద్ద తెర, నీలి లైట్లు, పెట్టె మీది వాట్లు చూసి డబ్బు కడతారు. పాట బాగా వినిపించేది మాత్రం తలుపులోని స్పీకరు వల్ల, డ్యాష్‌బోర్డు వెనక శుభ్రంగా కలిపిన వైర్ల వల్ల. డ్యాష్‌బోర్డు రూపు మారకుండా, తక్కువ ఖర్చులో మంచి సౌండ్ పెట్టించుకోవచ్చు. దానికి ముందు కొన్ని అపోహలు వదలాలి.

అపోహ: "పెట్టె మీద 50×4 అని రాసుంది. అంటే రెండొందల వాట్ల సౌండ్ వస్తది."

వాస్తవం: రాదు. స్టీరియో వెనక ఉన్న ఫ్యూజే సాక్ష్యం. చాలావాటికి 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారు కరెంటు సుమారు 14.4 వోల్టులు. 10 ఆంపియర్ల ఫ్యూజ్ గుండా పోయేది 144 వాట్లే, అందులోనూ కొంత వేడిగా పోతుంది. 50 అనేది క్షణకాలపు గరిష్ఠం. నిలకడగా వచ్చే శక్తిని ఆర్‌ఎంఎస్ అంటారు, అది ఒక్కో స్పీకరుకు 20 వాట్లకు అటూ ఇటూ. మామూలు కారుకు అది చాలు. వాట్లు రెట్టింపైనా సౌండ్ పెరిగేది 3 డెసిబెల్సే. అందుకే స్పీకరు కొనేటప్పుడు సెన్సిటివిటీ అంకె చూడండి. 87 డెసిబెల్స్ స్పీకరు బదులు 90 డెసిబెల్స్‌ది తీసుకుంటే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం దక్కుతుంది.

అపోహ: "కంపెనీ వైర్లు కోసి, కలిపి, టేపు చుడితే ఏమైతది? అదే కరెంటు కదా."

వాస్తవం: మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ వేడికి టేపు జిగురు కరిగి జారుతుంది, వైరు బయటపడుతుంది, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒక కొస కంపెనీ సాకెట్‌లోకి, రెండో కొస స్టీరియోలోకి పోతుంది, ఒక్క వైరూ కోయనక్కర్లేదు. రేపు కారు అమ్మినా పాత స్టీరియో తిరిగి పెట్టేయొచ్చు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయించండి. పసుపు తొడుగులో పోయే వైర్లు చాలా కార్లలో ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోనివ్వద్దు.

అపోహ: "బయటి స్టీరియో పెడితే బ్యాటరీ దిగిపోతది."

వాస్తవం: సరిగ్గా కలిపితే దిగదు. స్టీరియోకు పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఇస్తుంది, గడియారం, స్టేషన్ల జ్ఞాపకం దాని మీదే నడుస్తాయి. ఎర్ర వైరుకు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. నలుపు ఎర్తు. కొందరు పని తొందరగా ముగించడానికి ఎర్రనీ పసుపునీ కలిపి నేరుగా బ్యాటరీకి ఇస్తారు. అప్పుడు తాళం తీసినా స్టీరియో పూర్తిగా ఆగదు. ఒక్క ఆంపియర్ చొప్పున లాగినా రోజుకు 24 ఆంపియర్-అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 35 దగ్గర ఉంటుంది. రెండు రోజులు నిలిపితే బండి స్టార్ట్ కాదు. ఆ తప్పు స్టీరియోది కాదు, కలిపిన తీరుది.

అపోహ: "వెనక ట్రే మీద పెద్ద స్పీకర్లు లేకుంటే బేస్ రాదు."

వాస్తవం: బేస్ తలుపులోనే పోతోంది. స్పీకరు పొర ముందుకు గాలిని నెట్టినప్పుడు వెనక గాలిని లాగుతుంది. డోర్ ప్యాడ్ వెనక ఇనుప రేకుకు పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి. వాటి గుండా ముందు గాలి, వెనక గాలి కలిసిపోయి బేస్ చచ్చిపోతుంది. ఆ రంధ్రాలు మూసి, రేకుకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీటు అంటిస్తే మామూలు స్పీకరే గట్టిగా పలుకుతుంది. బ్యూటైల్ షీటే అడగండి, తారుతో చేసిన చవక షీటు మన ఎండకు మెత్తబడి ఊడుతుంది. తలుపు అడుగున వాననీరు పోయే రంధ్రాలు మాత్రం మూయనివ్వద్దు, తుప్పు పడుతుంది. ట్రే మీద వదులుగా పెట్టిన స్పీకరు సడన్ బ్రేకుకు ఎగిరొచ్చి వెనక కూర్చున్నవాళ్ల తలకు తగలొచ్చు.

అపోహ: "కొత్త స్టీరియోలో రేడియో పట్టదు."

వాస్తవం: ఆదిలాబాద్ ఆకాశవాణి 100.2 ఎఫ్‌ఎం పాత స్టీరియోలో బాగా పట్టి కొత్తదాంట్లో గరగరలాడితే ముందు నీలి వైరు చూపించండి. చాలా కార్లలో పైకప్పు మీది పొట్టి యాంటెన్నా లోపల చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. దానికి కరెంటు ఇచ్చేది ఆ వైరే. కలపకుండా వదిలేస్తే ఎంత ఖరీదైన స్టీరియోలోనైనా రేడియో బలహీనంగానే పలుకుతుంది.

అపోహ: "మంచి సౌండ్ కావాలంటే కంపెనీ స్టీరియో తీసేయాల్సిందే, పెద్ద తెర పెట్టాల్సిందే."

వాస్తవం: కంపెనీ స్టీరియో ఉంచుకుని ముందు తలుపుల స్పీకర్లు మాత్రం మార్చి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. ఇంకా కావాలంటే స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే చిన్న ఆంప్లిఫయర్ సీటు కింద పెట్టొచ్చు. స్టీరింగ్ బటన్లు ఎప్పటిలాగే పనిచేస్తాయి, బయటివాళ్లకు ఏమీ కనబడదు. తెర పెట్టించినా, బండి నడుస్తుండగా వీడియో ఆడేలా హ్యాండ్‌బ్రేక్ వైరును ఎర్తుకు కలపనివ్వద్దు. ఆ వైరు ఉన్నది డ్రైవర్ చూపు రోడ్డు మీద నుంచి మరలకుండా ఉండటానికే.

అపోహ: "ఇన్సూరెన్స్ ఉంది కదా, స్టీరియో పోయినా వస్తది."

వాస్తవం: బయట పెట్టించిన సామాను పాలసీలో విడిగా చెప్పి రాయించాలి. దానికి సాధారణంగా విలువలో 4 శాతం ప్రీమియం, అంటే పది వేల సామానుకు ఏడాదికి 400 రూపాయలు. చెప్పకపోతే దాని డబ్బు రాదు. అందుకు జీఎస్టీ బిల్లు తప్పనిసరిగా తీసుకోండి.

షాపులో కూర్చున్నప్పుడు ఖర్చు ఈ వరుసలో పెట్టండి: మొదట ముందు తలుపుల స్పీకర్లు, తర్వాత డ్యాంపింగ్. అప్పటికీ డబ్బు మిగిలితేనే స్టీరియో మాట, దాంతోపాటే కప్లర్. వైరు కోస్తామంటే ఒప్పుకోవద్దు. పని అయ్యాక తాళం తీసి స్టీరియో ఆగిందో లేదో చూసి, హారను, ఇండికేటర్లు, అద్దాలు పనిచేస్తున్నాయో లేదో సరిచూసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి.