హస్తసాముద్రికం: చేయి చెప్పేది, మనం చెప్పించేది

ఎవరికైనా చేయి చూడటం వచ్చని తెలిస్తే చాలు, పెళ్లి భోజనాల దగ్గర నుంచి ఆఫీసు క్యాంటీన్ వరకు అందరూ అరచేయి చాపుతారు. మొదట నవ్వుతూనే అడుగుతారు. రెండు నిమిషాలయ్యేసరికి గొంతు తగ్గుతుంది. ‘మా అమ్మాయికి సంబంధం ఎప్పుడు కుదురుతుందండీ?’ ‘మా ఆయన ఆయుష్షు ఎలా ఉంది?’ అక్కడ సరదా అయిపోయింది. అడుగుతున్న మనిషి భయంతో అడుగుతోంది.

హస్తసాముద్రికం నేర్చుకోవద్దని నేను అనను. మూడు ప్రధాన రేఖలు, వేళ్ల కింది స్థానాలు, వేళ్ల పొడుగు పొట్టి, వీటి పేర్లు ఎవరికైనా కొద్ది రోజుల్లో పట్టుబడతాయి. అదొక పాత విద్య, తెలుసుకోదగ్గదే. కానీ దాని చుట్టూ పేరుకున్న అపోహలను పక్కకు తీయకుండా పక్కవాళ్ల చేయి పట్టుకోవడం మాత్రం తప్పు. చేతిలో ఆ మనిషి గతం కొంత ఉంటుంది, వర్తమానం కొంత ఉంటుంది. భవిష్యత్తు ఉండదు.

అపోహ: ఇప్పటి పుస్తకాల్లో ఉన్నదంతా మన ఋషులు చెప్పిన సాముద్రికమే

సాముద్రికం మనదే, పాతదే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో పురుష లక్షణాలు, కన్యా లక్షణాల అధ్యాయాలున్నాయి. గరుడ పురాణంలోనూ ఆ ప్రస్తావన ఉంది. అయితే ఆ గ్రంథాలు చూసేది ఒక్క చేతిని కాదు, అరికాలి నుంచి నుదుటి దాకా మొత్తం దేహాన్ని. పాదాలు, నడక, కంఠస్వరం, చూపు, వీటి మధ్య చేయి కూడా ఒకటి.

ఈనాడు బస్టాండు పుస్తకాల కొట్లో దొరికే హస్తసాముద్రికంలో చాలా భాగం ఐరోపా నుంచి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో దార్పాంతిన్యీ చేతి ఆకారాలను వర్గీకరించాడు, దెబారోల్ గీతల మీద రాశాడు. వాళ్ల తర్వాత కీరో వచ్చాడు. అసలు పేరు విలియం జాన్ వార్నర్, 1866లో ఐర్లండ్‌లో పుట్టి 1936లో హాలీవుడ్‌లో చనిపోయాడు. తాను భారతదేశం వచ్చి కొంకణ ప్రాంతపు బ్రాహ్మణుల దగ్గర ఈ విద్య నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. ఆయన పుస్తకాలు ఇంగ్లీషు నుంచి మన భాషల్లోకి వచ్చి, మన పేర్లు తొడుక్కుని, మనవే అయిపోయాయి. వాటిలోని జూపిటర్, శాటర్న్ మౌంట్‌లనే మనం గురు స్థానం, శని స్థానం అంటున్నాం.

ఇలా కలిసిపోవడం వల్ల అసలైన చిక్కు ఒకటి వచ్చింది. మీ అరచేయి చూసుకోండి. బొటనవేలి మొదలును చుట్టి మణికట్టు వైపు దిగే గీతను ఇప్పుడు జీవిత రేఖ అంటున్నాం. సంస్కృత సంప్రదాయంలో ఆయుష్షును చూసేది దానిలో కాదు. చిటికెనవేలి కింద మొదలై చూపుడువేలి వైపు సాగే గీత అక్కడ ఆయురేఖ. ఆ గీత చూపుడువేలి దాకా వెళితే నూరేళ్లని లెక్క. అదే గీతను కీరో పద్ధతిలో హృదయ రేఖ అంటారు, ప్రేమ వ్యవహారాలన్నీ అందులో చూస్తారు. ఇక బొటనవేలి చుట్టూ ఉన్నదాన్ని పితృరేఖ అని, నడిమి గీతను మాతృరేఖ అని చెప్పే సంప్రదాయం మనకుంది.

అంటే ఒకే గీత ఒక గురువుకు ఆయుష్షు, మరో గురువుకు ప్రేమ. ఒకే చేయి ఒకరి లెక్కలో నిండు నూరేళ్లు, ఇంకొకరి లెక్కలో అల్పాయుష్షు. రెండూ వేల మంది చేతులు చూసి తేల్చిన అనుభవ సత్యాలే అయితే ఇంత మౌలికమైన చోట విడిపోయి ఉండేవి కావు. నేర్చుకునేవాళ్లు మొదటి పాఠంగా తెలుసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం. చాలా పుస్తకాలు దీన్ని చెప్పకుండా దాటేస్తాయి.

అపోహ: జీవిత రేఖ పొట్టిగా ఉన్నా, తెగినా గండం

ఈ ఒక్క మాట ఎన్ని ఇళ్లలో నిద్ర లేకుండా చేసిందో! ముందు ఆ గీత ఎందుకుందో చూద్దాం. బొటనవేలిని చిటికెనవేలి మొదలుకు ఆనించండి, చర్మం సరిగ్గా జీవిత రేఖ దగ్గర మడతపడుతుంది. నాలుగు వేళ్లూ ముడవండి, హృదయ రేఖ, బుద్ధి రేఖల దగ్గర మడతపడుతుంది. అరచేతి చర్మం ఆ గీతల వెంట లోపలి పొరకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. అందుకే పట్టుకున్న వస్తువు మీద చర్మం జారదు. ఇవి చేయి ముడవడానికి ఏర్పడిన మడతలు. తల్లి కడుపులో సుమారు 7వ వారం నుంచి 14వ వారం లోపు ఏర్పడతాయి. ఎక్కడ తేలాలి, ఎంత లోతుగా ఉండాలి అన్నది వంశం నుంచీ పిండం చేయి ఎదిగిన తీరు నుంచీ వస్తుంది. కోతులకూ ఉంటాయి.

ఆయుష్షుతో పోల్చి చూసినవాళ్లు లేకపోలేదు. 1974లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక లేఖలో, చనిపోయిన 51 మంది చేతులు కొలిస్తే గీత పొడుగుకూ వయసుకూ సంబంధం కనబడలేదన్నారు. 1990లో బ్రిటన్ రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ పత్రికలో 100 మంది మృతుల మీద మరో పరిశీలన వచ్చింది. అందులో మాత్రం ఎక్కువ వయసులో పోయినవాళ్ల గీత పొడుగ్గా కనబడింది! హస్తసాముద్రికులు దీన్ని ఇష్టంగా ఉదాహరిస్తారు. కానీ కొలిచింది చనిపోయాక. వయసు పెరిగే కొద్దీ చర్మం వదులై మడతలు సాగుతాయి. గీత పొడుగు కాబట్టి ఎక్కువ కాలం బతికారా, ఎక్కువ కాలం బతికారు కాబట్టి గీత పొడుగైందా అన్నది ఆ కొలత చెప్పలేదు. ఇరవై ఏళ్ల వాళ్ల చేతులు కొలిచి, అరవై ఏళ్లు ఆగి చూస్తే తప్ప తేలదు. అందాకా ఒకరి చేయి పట్టుకుని ‘నలభై దాటితే గండం’ అనే హక్కు ఎవరికీ లేదు.

అపోహ: రెండు గీతలు కలిసి ఒక్కటైతే మహర్జాతకం, లేదంటే లోపం

హృదయ రేఖ, బుద్ధి రేఖ విడివిడిగా కాక అరచేతికి అడ్డంగా ఒకే గీతగా కొందరికి ఉంటుంది. పుస్తకాలు దీనికి అసాధారణ మేధస్సునో మొండితనాన్నో అంటగడతాయి. మరోవైపు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి ఈ గీత ఉంటుందని ఎక్కడో చదివి, పసిబిడ్డ చేయి చూసి గుండెలు బాదుకునే తల్లిదండ్రులున్నారు. ఏ లోపమూ లేని మామూలు జనాభాలో కూడా నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఈ గీతతోనే పుడతారు. డౌన్ సిండ్రోమ్‌ను తేల్చేది క్రోమోజోముల పరీక్ష. అనుమానముంటే పిల్లల వైద్యుణ్ని కలవండి, గీతను బట్టి ఏడవకండి.

అపోహ: మగవాళ్లకు కుడి, ఆడవాళ్లకు ఎడమ

ఇది ఆచారం, ఇంకేమీ కాదు. పాశ్చాత్య పద్ధతిలో ఎడమచేయి పుట్టుకతో వచ్చింది, కుడిచేయి సంపాదించుకున్నది అంటారు. రెండు చేతుల మడతలూ ఒకే సమయంలో కడుపులోనే ఏర్పడ్డాయి.

అపోహ: పది వేళ్ల చక్రాలూ పిల్లల తెలివిని చెబుతాయి

చక్రాలు, శంఖాలు లెక్కపెట్టుకోని బాల్యం మనకు లేదు. పదీ చక్రాలైతే చక్రవర్తి! నిజానికి అందరి వేలిముద్రలూ కలిపి చూస్తే మూడింట రెండు వంతులకు దగ్గరగా శంఖాలే ఉంటాయి, దాదాపు మూడో వంతు చక్రాలు, మిగిలిన కొద్దిపాటివి విల్లులా వంగిన గీతలు.

వేలిముద్రల అసలు గొప్పతనం వేరు, అందులో మన దేశానికి పెద్ద పాత్ర ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద చేతిముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల శ్రమ ఉంది. ఒకే పిండం నుంచి పుట్టిన కవలలకైనా వేలిముద్రలు కలవవు. మనిషెవరో అవి చెబుతాయి. మనిషి ఏమవుతాడో చెప్పవు.

ఈ తేడాను చెరిపేసి ఇప్పుడొక వ్యాపారం నడుస్తోంది. డీఎంఐటీ అనే పేరుతో పిల్లల పది వేళ్లూ స్కాన్ చేసి, మీవాడు ఇంజనీరింగుకు పనికొస్తాడు, మీ అమ్మాయికి లెక్కలు రావు అని రంగురంగుల రిపోర్టు చేతిలో పెడతారు. కొన్ని స్కూళ్లే తల్లిదండ్రులను పిలిచి చేయిస్తున్నాయి. హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించిన బహుళ మేధల సిద్ధాంతం పేరును ఇందులో వాడుకుంటారు. ఆ సిద్ధాంతానికి వేలిముద్రలు ఆధారం కావు. ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ప్రకటించింది. చేయి చూసే పెద్దాయన చెప్పింది పిల్లవాడు మరిచిపోతాడు. స్కూలు చేతికిచ్చిన రిపోర్టును నమ్ముతాడు. ‘నీకు లెక్కలు రావు’ అని పదేళ్ల పిల్లకు కాగితం మీద రాసివ్వడం నా దృష్టిలో క్రూరత్వం.

అపోహ: నాకు చెప్పినవన్నీ అక్షరాలా నిజమయ్యాయి, ఇంకేం కావాలి?

1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికి వాళ్ల స్వభావ వర్ణన ఇచ్చి, ఎంత సరిగా ఉందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన, ఎక్కువ భాగం జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తింది. పైకి ధైర్యంగా ఉంటారు కానీ లోపల దిగులు పడతారు, చేసిన మేలుకు తగ్గ గుర్తింపు రాలేదు. ఇలాంటి మాట ఎవరికి తగలదు?

ఇంకా బలమైన సాక్ష్యం రే హైమన్‌ది. ఆయన కుర్రతనంలో చేయి చూసి డబ్బు సంపాదించేవాడు, దాన్ని గట్టిగా నమ్మేవాడు. స్టాన్లీ జాక్స్ అనే అనుభవజ్ఞుడు, ఒకసారి గీతలు చెప్పేదానికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పి చూడమన్నాడు. హైమన్ అలాగే చెప్పాడు. వచ్చినవాళ్లు ఎప్పటిలాగే ‘అచ్చం నా గురించే చెప్పారు’ అన్నారు. ఆయన తర్వాత మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడై, మనుషులు ఎందుకిలా నమ్ముతారన్నది జీవితమంతా పరిశోధించాడు.

మన ఊళ్లలో ఎరుకలసాని చేయి పట్టుకుని ఎరుక చెప్పేటప్పుడు ఆమె కళ్లు గీతల మీద ఎంతసేపుంటాయో గమనించండి. ఎదుటి మనిషి మెట్టెలు, నల్లపూసలు, కళ్ల కింది నలుపు, ఏ మాట దగ్గర చేయి బిగిసింది, ఏ మాటకు ఊపిరి వదిలింది, వీటిని చదువుతుంది. అది మనుషుల్ని చూసి చూసి పండిన నేర్పు. నాకు దాని మీద గౌరవముంది. ఆ నేర్పును గీతల ఖాతాలో వేయడమే పొరపాటు.

అపోహ: గీత బాగాలేకపోతే ఉంగరంతో, పూజతో సరిచేయవచ్చు

జపాన్‌లో కొందరు వైద్యుల చేత అరచేతిలో గీత పెట్టించుకున్నారని 2013లో వార్తలొచ్చాయి. అలా తెచ్చుకునే గీత ఏ అదృష్టాన్ని సూచిస్తుందో ఆలోచించండి. మహిమలతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. చేయి చూసి దోషముందని భయపెట్టి, వెంటనే రాయి అమ్మేవాళ్లు అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నారని గుర్తించండి. అప్పు చేసి ఉంగరం కొనవద్దు.

మరి చేయి ఏమీ చెప్పదా? చాలా చెబుతుంది. రేషన్ దుకాణంలో ‘వేలిముద్ర పడటం లేదమ్మా’ అని వెనక్కు పంపిన ముసలవ్వ చేతిని చూడండి. కలుపు తీసీ, అంట్లు తోమీ, ఇటుకలు మోసీ ఆ గీతలు అరిగిపోయాయి. అది ఆమె గతం. వైద్యుడు చూసేది వర్తమానం: గోళ్లు గుంటపడితే ఇనుము లోపమా, వేళ్ల కొసలు ఉబ్బితే ఊపిరితిత్తుల జబ్బో గుండె జబ్బో, అరచేతులు ఎర్రబారితే కాలేయం దెబ్బతిందా అని అనుమానించి పరీక్షలు రాస్తాడు. గోళ్ల మీది తెల్ల మచ్చలు మాత్రం కొత్త బట్టలకూ సూచన కాదు, కాల్షియం లోపానికీ కాదు. ఎక్కువగా గోరు మొదట్లో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు.

పసిపిల్లల్లో రక్తహీనతను పట్టుకోవడానికి ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే మొదటి గుర్తు అరచేయి పాలిపోవడం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కాబట్టి చేయి చూడటం నేర్చుకున్నవాళ్లకు నా విన్నపం ఒకటే. ఎవరైనా మీ ముందు చేయి చాపితే ఆయుష్షు, పెళ్లి, సంతానం గురించి ఒక్క మాట కూడా చెప్పకండి. అరచేయి, గోళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోమని చెప్పండి. అక్కడ ఆ పరీక్షకు డబ్బులు తీసుకోరు.